డాలస్‌లో ఒక కాపీ

ధర నచ్చకపోతే పల్నాడు మిర్చి రైతు టిక్కీలను గుంటూరు కోల్డ్ స్టోరేజీలో వేసి, రసీదు బీరువాలో దాచుకుంటాడు. అదే ఇంట్లో కూతురి ఓణీల ఫంక్షన్, పెళ్లి, మనవడి అన్నప్రాసన ఫోటోలు మొత్తం ఒక్క ఫోనులో ఉంటాయి. ఆ ఫోను పైజేబులో పెట్టుకునే ఆయన చేలో మందు కొట్టడానికి దిగుతాడు.

అడిగితే ‘గూగుల్లో ఉంటాయిలే’ అంటారు. 2021 జూన్ 1 నుంచి అక్కడ హద్దు పడింది. జీమెయిల్, డ్రైవ్, ఫోటోలు అన్నీ కలిపి ఉచితంగా 15 జీబీయే. అది నిండాక కొత్తవి ఎక్కవు. పైగా బ్యాకప్ ఆన్‌లో ఉండగా ఫోనులోని గూగుల్ ఫోటోస్ యాప్‌లో తుడిచేసిన ఫోటో అక్కడా పోతుంది. చెత్తబుట్టలో 60 రోజులుంటుంది, అంతే.

దాచినవి ఒక్కచోటే ఉంటే పోయే ముప్పు పెద్ద సంస్థలకూ తప్పలేదు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి చొరవతో నడిచిన మిలియన్ బుక్స్ ప్రాజెక్టులో భాగంగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలాది తెలుగు పుస్తకాలను స్కాన్ చేసింది. కాపీరైటు చిక్కుల్లో ఆ సైటు ఆగిపోయింది. అయినా ఆ పుస్తకాలు ఇవాళ చదవగలుగుతున్నామంటే, అమెరికాకు చెందిన కార్ల్ మాలమూద్ నాలుగు లక్షలకు పైగా ప్రతులను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ఎక్కించి ఉంచబట్టే.

అమెరికన్ ఫోటోగ్రాఫర్ పీటర్ క్రో ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం చెప్పేదీ ఇదే: మూడు కాపీలు, రెండు రకాల సాధనాల్లో, అందులో ఒకటి వేరే ఊళ్లో. ఆ వేరే ఊరు గుంటూరు, ప్రకాశం ఇళ్లకు కొరతా? కొడుకు డాలస్‌లోనో, కూతురు బెంగళూరులోనో ఉండనే ఉంటారు. ఫోను, ఇంట్లో హార్డ్‌డిస్కు, పిల్లల దగ్గర ఇంకో డిస్కు. వాట్సాప్‌లో మామూలుగా పంపినదాన్ని మాత్రం కాపీ కింద లెక్కవేయకూడదు. అది ఫోటోను కుదించేస్తుంది. డాక్యుమెంటుగా పంపితే అసలుది అసలుగానే చేరుతుంది.

దాచడం సగం పనే. చీరాల పక్కన వేటపాలెంలో 1918లో వెలసిన సారస్వత నికేతనానికి పరిశోధకులు వెళ్లేది అక్కడ పాత పత్రికలు ఉన్నాయని మాత్రమే కాదు, అడిగినది దొరుకుతుందని. ఇంటి ఫోటోలకు అలాంటి జాబితా ఉండదు. అంకెల పేర్లతో వేల ఫైళ్లుంటాయి, ముత్తాత పక్కన నిలబడినదెవరో ఒక్క నాయనమ్మకే తెలుసు. సంక్రాంతికి అందరూ చేరినప్పుడు ఆవిడను కూర్చోబెట్టి పేర్లు రాసుకోవాలి. ఆ పండక్కే పోయినేటి డిస్కును కూడా కంప్యూటరుకు తగిలించి నాలుగు ఫోటోలు తెరిచి చూడాలి. తెరుచుకోకపోతే మిగతా కాపీలు ఉండగానే కొత్త డిస్కు కొనుక్కోవచ్చు.