చెయ్యి వదులు చెయ్యి మావయ్యా!

1986లో వచ్చిన 'టాప్ గన్' చూశారా? అప్పటికింకా పుట్టనివాళ్ళు 2022లో వచ్చిన 'టాప్ గన్: మావెరిక్' అయినా చూసే ఉంటారు. పాత సినిమాలో ఓ ఘట్టం ఉంది. టామ్ క్రూజ్ తోక పట్టుకుని శత్రువు వస్తూంటాడు. మనవాడు సైకిలుకి బ్రేకేసినట్టు విమానాన్ని గాల్లో నిలేస్తాడు. వెనకాలవాడు సర్రున ముందుకి పోతాడు. ఇంకేముంది, వేటగాడే వేటైపోతాడు! హాల్లో ఈలలే ఈలలు. ఆ ఈలల్లో ఒకటి నాది.

మొన్న ఆ ఎత్తు నేనూ వేశాను. నాది హరికేన్ విమానం. వెనకాల వస్తున్నది జర్మన్ మెసర్‌ష్మిట్ 109. థ్రాటిల్ తగ్గించి స్టిక్ గట్టిగా లాగాను. వాడు నిజంగానే నా పక్కనుంచి దూసుకుపోయాడు. "దొరికావురా!" అనుకున్నాను. నేను గురి చూసుకునేలోపల వాడు అదే ఊపుతో నిటారుగా పైకి లేచాడు, వెనక్కి తిరిగాడు, నా నెత్తిమీదికి దిగాడు. నా దగ్గర వేగం లేదు, ఎత్తు లేదు. గోడమీద బల్లిని కొట్టినట్టు కొట్టి చక్కా పోయాడు.

గాభరాపడకండి! ఇదంతా మా ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద, 8 జీబీ ర్యామున్న పాత ల్యాప్‌టాప్‌లో జరిగింది. నేను చచ్చిపోవటం అది 31వ సారి.

ఈ వయసులో ఇదేం పిచ్చి?

మా ఆవిడ కూడా ఇదే అడిగింది. ఆవిడకి చెప్పని జవాబు మీకు చెబుతున్నాను.

1989లో నాకు 20 ఏళ్ళు. ఎయిర్‌ఫోర్స్‌లో పైలట్ కావాలని సెలక్షన్‌కి వెళ్ళాను. పైలట్ ఆప్టిట్యూడ్ పరీక్ష అని ఒకటి ఉండేది. తెర మీద ఓ వెలుగు చుక్క. చేతిలో స్టిక్, కాళ్ళ కింద పెడళ్ళు. చుక్క పారిపోతూంటుంది, దాన్ని మధ్యలోకి తెచ్చి నిలబెట్టాలి. అంతే! చూట్టానికి చిన్నపిల్లల ఆట. నేను ఎడమకి తోస్తే అది ఎడమ చివరికి పోయింది. కుడికి లాగితే కుడి చివరికి పోయింది. చెమటలు పట్టాయి. ఇంకా గట్టిగా లాగాను. చుక్క ఇంకా దూరం పోయింది.

ఆ పరీక్ష జీవితంలో ఒక్కసారే. తప్పితే ఫ్లయింగ్ బ్రాంచి తలుపు మళ్ళీ తెరుచుకోదు. రైలెక్కి ఇంటికొచ్చాను. అందరికీ "కళ్ళజోడు వచ్చిందండీ, అందుకని పోయింది" అని చెప్పాను. అప్పటికి నాకు కళ్ళజోడు లేదు. వారం తర్వాత పవర్ లేని అద్దాలు కొనుక్కున్నాను. ఇప్పుడు పవరున్నవే పెట్టుకుంటున్నాను, అది వేరే సంగతి.

సరంజామా

ఈ ఆటలు ఆడేవాళ్ళ గదులు వీడియోల్లో చూస్తే కళ్ళు తిరుగుతాయి. మూడు తెరలు, కాళ్ళకి పెడళ్ళు, అచ్చం కాక్‌పిట్ లాంటి కుర్చీ. మన దగ్గర అంత లేదు. సెకండ్ హ్యాండ్‌లో 1,200 రూపాయలకి బేరమాడి ఓ జాయ్‌స్టిక్ కొన్నాను. దాని పిడిని మెలితిప్పితే రడ్డర్ తిరుగుతుంది, పెడళ్ళు అక్కర్లేదు. పక్కన చిన్న మీట ఉంది, అదే థ్రాటిల్. అడుగున రబ్బరు అరిగిపోయి జారుతూంటే, కూరలు తరిగే చెక్కకి బిగించాను. అందుకు మా ఇంట్లో జరిగిన యుద్ధం ముందు మెసర్‌ష్మిట్ ఎంత!

ఆట ఎంచుకోవటంలోనూ జేబు చూసుకోవాలి. 'డీసీఎస్ వరల్డ్' ఉచితంగా వస్తుంది, రెండు విమానాలు కూడా ఉచితమే. కానీ దానికి బలమైన కంప్యూటరు కావాలి. నా ల్యాప్‌టాప్ దాన్ని తెరవగానే ఫ్యాను హోరెత్తించి మూర్ఛపోయింది. అందుకని 2006లో వచ్చిన 'ఐఎల్-2 స్టర్మోవిక్: 1946' పట్టుకున్నాను. రెండో ప్రపంచ యుద్ధపు విమానాలు, నడపటానికి వీలైనవే 200కి పైగా. పాత యంత్రం మీద కూడా హాయిగా నడుస్తుంది.

తక్కువ సరంజామా అని చిన్నబుచ్చుకోకండి. అసలు సిమ్యులేటర్ పుట్టుకే అలాంటిది. అమెరికాలో ఎడ్విన్ లింక్ అని ఒకాయన ఉండేవాడు. వాళ్ళ నాన్నది ఆర్గన్ వాద్యాలు తయారుచేసే ఫ్యాక్టరీ. ఆ ఆర్గన్లలో గాలి ఊదే తిత్తులూ పంపులూ తీసుకుని, 1929లో ఓ చెక్క విమానాన్ని అటూ ఇటూ వూగేట్టు చేశాడు. పైలట్లెవరూ పట్టించుకోలేదు. వినోదాల పార్కుల్లో జనానికి సరదాగా పనికొచ్చింది. 1934లో అమెరికా సైన్యపు పైలట్లకి టపా మోసే పని అప్పగిస్తే, చీకట్లోనూ మబ్బుల్లోనూ దారి తెలీక వరసగా ప్రాణాలు పోగొట్టుకున్నారు. అప్పుడు సైన్యం పరుగెత్తుకొచ్చి 6 కొంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి అలాంటివి 10,000కి పైగా తయారయ్యాయి. సంగీతం వాయించే తిత్తుల మీద లక్షలమంది ఎగరటం నేర్చుకున్నారన్నమాట!

గురువుగారు

నాకు విద్య నేర్పిన గురువు మా అక్క కొడుకు. ఇంజనీరింగ్ చదువుతున్నాడు. మొదటిరోజు నా ఆట పది నిమిషాలు చూశాడు. నా విమానం నీళ్ళలో చేపలా పైకీ కిందకీ ఈదుతోంది. వాడు నెమ్మదిగా నా మణికట్టు మీద చెయ్యి వేశాడు.

"చెయ్యి వదులు చెయ్యి మావయ్యా! పీక నులిమేస్తున్నావు దాన్ని. రెండు వేళ్ళతో పట్టుకో. కొంచెం కదిపి ఆగు. విమానం ఏమంటుందో చూడు, తర్వాత ఇంకొంచెం కదుపు."

రెండు వేళ్ళతో పట్టుకున్నాను. ముక్కు లేస్తే లేవనిచ్చి, కాస్త తగ్గించి, ఆగాను. విమానం తిన్నగా సాగింది!

ఏం జరిగేదంటే, విమానం నా చేతికి వెంటనే జవాబు చెప్పదు. ఓ క్షణం పడుతుంది. ఆ క్షణం ఓపిక పట్టలేక నేను ఇంకా తోస్తాను. అప్పటికి మొదటి తోపుడు ఫలితం వస్తుంది. దాంతో హడలిపోయి అటుపక్కకి రెట్టింపు లాగుతాను. నిజం పైలట్లకి కూడా ఈ జబ్బు పట్టుకోవటం కద్దు.

నాకు ఒళ్ళు ఝల్లుమంది. చుక్క! 1989 నాటి ఆ చుక్కని తరిమింది యంత్రం కాదు, నేనే. వాడు చెప్పిన ముక్క ఆవేళ ఎవరైనా చెప్పి ఉంటే... అనుకోబోయి మానేశాను. ఆ పరీక్ష చూసేదే అది, చెప్పకుండా ఎవడికి తెలుస్తుందో అని. నాకు తెలియలేదు. 35 ఏళ్ళకి పైగా నిందించిన కళ్ళజోడు పాపం నిర్దోషి.

మీరూ మొదలుపెడితే...

ఒక్క విమానమే పట్టుకోండి. 200 ఉన్నాయి కదా అని రోజుకొకటి మార్చకండి. నేను హరికేన్ తీసుకున్నాను. ఎందుకంటే 1944లో ఇంఫాల్ పోరాటంలో మన అర్జన్ సింగ్ నడిపింది హరికేన్లే. తర్వాత ఆయనే మన మార్షల్ ఆఫ్ ది ఎయిర్‌ఫోర్స్ అయ్యారు.

మొదటి వారం తుపాకీ ముట్టుకోవద్దు. ఎగరటం, తిన్నగా పోవటం, దిగటం, అంతే. ట్రిమ్ అని ఒకటుంటుంది. దాన్ని సరిచేస్తే స్టిక్ వదిలేసినా విమానం చెప్పిన దారిలో పోతుంది. పాత జాయ్‌స్టిక్ వణుకుతూంటే సెట్టింగుల్లో డెడ్ జోన్ కాస్త పెంచండి, చిన్నచిన్న వణుకుల్ని ఆట పట్టించుకోదు.

తర్వాత పద్దు నేర్చుకోండి. వేగం చేతిలో రొక్కం, ఎత్తు బ్యాంకులో డబ్బు. కిందికి దిగితే ఎత్తు వేగమవుతుంది, పైకి లేస్తే వేగం ఎత్తవుతుంది. గట్టిగా మలుపు తిప్పిన ప్రతిసారీ ఖర్చే. 'టాప్ గన్' బ్రేకు ఎత్తులో నేనెందుకు చచ్చానో ఇప్పుడు తెలిసిందిగా? ఒక్క దెబ్బకి జేబు మొత్తం ఖాళీ చేసుకున్నాను. వాడి జేబు నిండుగా ఉంది.

తుపాకీ సంగతి. సినిమాలో హీరో ఐదు నిమిషాలు ఆపకుండా కాలుస్తాడు. మొదటి రకం హరికేన్‌లో 8 మెషిన్‌గన్లు ఉంటాయి, కానీ గుళ్ళు సుమారు 15 సెకన్లకే సరి! పైగా ఆ తుపాకులు రెండు రెక్కల్లో ఉంటాయి కాబట్టి, గుళ్ళన్నీ ఎంత దూరంలో కలవాలో ముందే అమర్చాలి. 1940లో బ్రిటన్ పైలట్లు దాన్ని 250 గజాలకి తగ్గించుకున్నారు. అంత దగ్గరికి వెళ్ళి ఒకటి రెండు సెకన్లు కాల్చి తప్పుకోవాలి. నేనైతే మొదటి నెలంతా ఆకాశాన్ని జల్లెడ చేశాను.

ఇంకో చిత్రం. మెసర్‌ష్మిట్ ముక్కు కిందికి తోసి డైవ్ కొడుతుంది. నేనూ అలాగే తోస్తే నా ఇంజను దగ్గి ఆగిపోతుంది! నా జాయ్‌స్టిక్ పాడైందనుకుని మార్చబోయాను. అది ఆట తప్పు కాదు, చరిత్ర. ఆనాటి మెర్లిన్ ఇంజనుకి కార్బురేటర్ ఉండేది. ముక్కు హఠాత్తుగా కిందికి తోస్తే లోపలి పెట్రోలు ఎగిరిపడి ఇంజను తడబడేది. జర్మన్ ఇంజనుకి పెట్రోలు నేరుగా లోపలికి ఎక్కేది, ఆ బాధ లేదు. దీనికి 1941లో విరుగుడు కనిపెట్టింది ఎవరో తెలుసా? బీట్రిస్ షిల్లింగ్ అనే మహిళా ఇంజనీరు. బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద గంటకి 100 మైళ్ళకు మించి మోటారుసైకిలు నడిపిన ధీర! ఆవిడ పెట్టింది చిన్న బిళ్ళ, మధ్యలో బెజ్జం. పెట్రోలు వరదని అదుపు చేసింది. యుద్ధమధ్యంలో కొత్త ఇంజను కోసం ఎదురుచూడకుండా బిళ్ళతో పని జరిపించింది. ఈవిడ మీద సినిమా తీస్తే మొదటి టిక్కెట్టు నాదే!

నవ్వు ఆగిపోయిన రోజు

'టాప్ గన్'లో మిగ్-28లని చూపించిన నల్ల విమానాలు అసలు అమెరికా వాళ్ళ ఎఫ్-5లు. మిగ్-28 అనే యుద్ధవిమానమే లేదు. ఇలాంటి కబుర్లు చెప్పుకుంటూ ఒకరోజు మా మేనల్లుడూ నేనూ ఆడుతున్నాం. మలుపులో స్టిక్ మరీ లాగాను. రెక్క గాలి మీద పట్టు తప్పింది. విమానం బొంగరంలా తిరుగుతూ కిందికి పోతోంది. దీన్నే స్పిన్ అంటారు. నేను నవ్వుతున్నాను, "తిరుగుతోందిరా, రంగులరాట్నం!" అని.

వాడు నవ్వలేదు. "మావయ్యా, ఆ సినిమా చివర ఒక పేరు పడుతుంది, చూశావా?" అన్నాడు.

నేనెప్పుడూ చివరిదాకా కూర్చోలేదు. ఆర్ట్ షోల్. పేరుమోసిన విన్యాసాల పైలట్. 1985 సెప్టెంబరులో ఆ సినిమా కోసం కెమెరాతో షూటింగ్ చేస్తూ, కాలిఫోర్నియా తీరం దగ్గర స్పిన్‌లోంచి బయటికి రాలేక సముద్రంలో పడిపోయాడు. సినిమాని ఆయనకే అంకితమిచ్చారు. అంతటి చెయ్యి తిరిగినవాడు! మనం ఈలలేసిన సినిమా వెనకాల అది ఉంది.

ఆ రాత్రి నేను కాల్చటం మానేసి స్పిన్ ఒక్కటే సాధన చేశాను. థ్రాటిల్ తగ్గించు. తిరుగుతున్న వైపుకి ఎదురుగా రడ్డర్. స్టిక్ ముందుకి. ఆగు. ఈ ఆగటం ఉంది చూశారూ, నేల గిర్రున తిరుగుతూ మీదికొస్తూంటే ఆగటం, అదే కష్టం. 11సార్లు పడ్డాను. 12వసారి విమానం తిరగటం మానింది. మెల్లిగా లేవదీశాను. చెట్లు తాకేంత ఎత్తులో బయటపడ్డాను. రెండు వేళ్ళతోనే!

దాని తర్వాత మెసర్‌ష్మిట్లని కూల్చాను కూడా. ఆటలో 'రూకీ' అనే అట్టడుగు స్థాయి శత్రువులనే లెండి. కానీ ఆ 12వ సారి ముందు అవేవీ చాలవు.

మొన్న పనిమీద మేడ్చల్ వైపు వెళ్ళాను. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ వైపు ఆకాశంలో చిన్న శిక్షణ విమానం ఒకటి వాలుతూ లేస్తూ తిరుగుతోంది. స్కూటరాపి చూశాను. లోపల 20, 21 ఏళ్ళ పిల్లో పిల్లవాడో ఉంటారు. నా ఆటలో చచ్చిన ప్రతిసారీ ఒక మీట నొక్కితే మళ్ళీ రన్‌వే మీదుంటాను. అక్కడ ఆ మీట లేదు. ఆ పరీక్షని ఒక్కసారే ఎందుకు పెట్టారో అన్న కోపం నాలో ఎక్కడో మిగిలి ఉండేది. అక్కడ నిలబడి చూస్తూంటే అది కాస్త తగ్గింది.

"చెయ్యి వదులు చెయ్యి బాబూ" అన్నాను పైకి చూసి. వినపడదనుకోండి!

అన్నట్టు, కళ్ళజోడు రహస్యం మా అక్కకి ఇంతవరకూ తెలీదు. ఈ పేజీ మొదట చదివేది ఆవిడే. ఫోన్ మోగుతోంది... తిట్లు తిని వచ్చే వారం కలుస్తాను. మీలో ఎవరైనా కూరల చెక్క మీద విమానం నడిపేవాళ్ళుంటే, ఎన్నోసారి బతికి బయటపడ్డారో నాకో ఉత్తరం ముక్క రాయండి మరి!