కానగంత పేరు నేర్పే పాఠం

శాస్త్రీయ నామం పరాయి భాషకు చెందినదనీ, స్థానిక నామం శాస్త్రానికి పనికిరాదనీ వ్యవసాయ విద్యార్థులలో ఒక భావన నాటుకొని ఉన్నది. మన తీరంలో విరివిగా లభించే కానగంత చేప ఈ భావనను సరిదిద్దగలదు.

దీని శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిగర్ కనగుర్త. ఇందులో ప్రజాతి నామం లాటిన్ నుండి వచ్చినది. మొప్పల లోపల దంతె పళ్లవలె బారులు తీరి ప్లవకాలను వడగట్టే నిర్మాణాలను అది సూచిస్తుంది. జాతి నామం మాత్రం తెలుగు. ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడు పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల వర్ణనలను, చిత్రాలను 1803లో లండన్‌లో ప్రచురించారు. ఆయన ఈ చేపకు కొత్త ద్విపద నామం కల్పించక, స్థానికంగా విన్న పేరునే ముద్రించారు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కువియే 1816లో ఆ చిత్రం ఆధారంగా ఆ పేరునే జాతి నామంగా స్వీకరించారు. తరువాత ప్రజాతి మారినది కాని, కనగుర్త మారలేదు.

ఇది తీరానికే పరిమితమైన విషయం కాదు. సూర్యాపేట, కోదాడ చెరువులలో పెంచే బొచ్చె, రోహు చేపల జాతి నామాలైన కట్ల, రోహిత కూడా 1822లో హామిల్టన్ గంగాతీర ప్రజల వాడుక నుండి గ్రహించినవే.

అయితే స్థానిక నామం ఒక్కటే చాలదు. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ వరి రైతు ‘తుంగ’ అన్నపుడు అది విత్తనం ద్వారా వ్యాపించే సైపెరస్ డిఫార్మిస్ గాని, సైపెరస్ ఇరియా గాని కావచ్చును. మెట్టచేలలో అదే మాట దుంపల ద్వారా వ్యాపించే సైపెరస్ రోటండస్‌కు వర్తించును. మొదటి రెండింటిని పూతకు ముందే తొలగించిన విత్తన వ్యాప్తి ఆగును. మూడవదానిని పైపైన పీకినచో దుంప నుండి మరల మొలచును. పేరు ఒక్కటే విని ఇచ్చే సలహా రైతుకు కూలి ఖర్చును, మందు ఖర్చును మాత్రమే మిగుల్చును.

కనగుర్త నిలిచినది కేవలం తెలుగు మాటగా కాదు. పేరుతోపాటు చిత్రం, వర్ణన, లభించిన చోటు నమోదైనందువలననే అది శాస్త్రానికి ఆధారమైనది. విస్తరణ శాస్త్రజ్ఞులకు ఇదే ఆచరణీయం. గడ్డిపల్లి, కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రాల పరిధిలోని కలుపు మొక్కలను, పురుగులను, చేపలను రైతు పలికిన పేరు, నమూనా, ఛాయాచిత్రం, గ్రామం, తేదీలతో నమోదు చేయుట కష్టసాధ్యమేమీ కాదు. గ్రామీణ అనుభవ శిక్షణకు వెళ్లే విద్యార్థులకు ఈ పనిని అప్పగించవచ్చును.

రైతు మాటను సరిదిద్దుటకు ముందు నమోదు చేయవలెను. నమోదు చేసిన పిదప నమూనాతో సరిచూడవలెను. ఈ రెండింటిలో ఏది లోపించినా సలహా గురి తప్పును.