పేరు ఒకటే, ఊరు వేరు

రాయపూర్‌లో బస్సెక్కి "బస్తర్‌లో దింపవయ్యా" అన్నవారిని కండక్టరు బస్తర్‌లోనే దింపుతాడు. వారు చేరవలసిన జిల్లా కేంద్రం జగదల్‌పూర్ ఇంకా ముందుంది. జిల్లాకూ, దారిలో మొదట తగిలే చిన్న ఊరికీ పేరు ఒక్కటే గదా! కండక్టరును తప్పుపట్టడానికి లేదు.

పైథాను అనే కంప్యూటరు భాషకూ ఇదే స్వభావం. (కొండచిలువతో దీనికి చుట్టరికం లేదు. 1991లో దీనిని లోకానికి అందించిన గీడో వాన్ రోసమ్, బి.బి.సి. వారి 'మాంటీ పైథాన్' హాస్య కార్యక్రమం పేరు తెచ్చి పెట్టాడు.) ఏదైనా మాడ్యూలును దిగుమతి చేయమంటే అది ముందుగా మన ప్రోగ్రాము ఉన్న ఫోల్డరులో వెదకుతుంది, ఆ తరువాతే భాషతో వచ్చిన ప్రామాణిక గ్రంథాలయానికీ, మనం తెచ్చి పెట్టుకున్న ప్యాకేజీలకూ వెళుతుంది. మొదట దొరికినదే దానికి ప్రమాణం.

ఇక్కడొక యువకుడు దక్షిణ బస్తర్‌లోని దోర్లా వృద్ధులు చెప్పగా రాసుకున్న మాటలతో ఫ్లాస్క్ సహాయాన వెబ్‌సైటు కట్టుకున్నాడు. మాటలు చెప్పిన అవ్వలలో ఒకామె మంచాన పడింది. ఆమె చూడగలిగి ఉండగానే చూపాలని అతని ఆరాటం. తీరా సమయానికి సైటు లేవలేదు. 'రాండమ్ నుండి రాండమ్ అనే పేరును దిగుమతి చేయజాలను' అని ఫిర్యాదు. ఎన్నడూ ముట్టని గ్రంథాలయపు ఫైలు పేరు అందులో కనబడేసరికి ఫ్లాస్కే చెడిందనుకొని, దానిని మూడుసార్లు తీసి మళ్ళీ పెట్టాడు.

ఆ దోష నివేదిక నిలువెత్తు ఉంటుంది గాని, చదవవలసింది అడుగు నుండి. మన తెలుగు వాక్యంలో క్రియ చివర వచ్చినట్లే, అసలు సంగతి ఆఖరి పంక్తిలో ఉంటుంది. ఆ పంక్తి కొసన కుండలీకరణాలలో ఒక చిరునామా ఉంది: అతని సొంత ఫోల్డరు, అందులో random.py అనే ఫైలు. రోజుకొక మాటను ఎంచి చూపడానికి అతడే రాసి, ఆ పేరు పెట్టుకున్నాడు! ప్రామాణిక గ్రంథాలయంలోని అసలు రాండమ్ దాని వెనుక మరుగైపోయింది. ఫైలు పేరును 'నేటిమాట' అని మార్చగానే సైటు లేచింది.

పేర్ల తికమక ఇంకొక విధంగానూ వస్తుంది. పిల్లో అనే ప్యాకేజీని తెచ్చుకునేది ఆ పేరుతో, పిలిచేది మాత్రం పి.ఐ.ఎల్. అని. ఇక విండోస్‌లో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా పట్టించుకోని ఫైలు పేర్లు లినక్స్ సర్వరు మీద వేర్వేరు పేర్లవుతాయి. ఇంట నడిచినది అక్కడ నడవదు. 2024 అక్టోబరులో వచ్చిన పైథాను 3.13 మాత్రం కొంత దయ చూపింది. సొంత ఫైలు ప్రామాణిక మాడ్యూలుకు అడ్డు నిలిచిందని తోస్తే, పేరు మార్చి చూడమని తానే సలహా ఇస్తుంది.