పొడవాటి బానెట్ అబద్ధం చెప్పదు

కార్ల గురించి మన హాస్టళ్లలో మొదలయ్యే ఏ వాదనైనా చివరికి ఒక్క ప్రశ్న దగ్గరికే చేరుతుంది: "సున్నా నుంచి వందకి ఎన్ని సెకన్లురా?" అదొక్కటే కొలబద్ద అయితే ఈ వ్యాసం రాయాల్సిన పనే లేదు. ఇవాళ కొన్ని ఎలక్ట్రిక్ సెడాన్లు నాలుగు తలుపులు, ఏసీ, పెద్ద డిక్కీ అన్నీ ఉంచుకునే, చప్పుడు లేకుండా మూడు సెకన్లలోపు వంద దాటేస్తున్నాయి.

మరి రెండే సీట్లు, గుడ్డ టాపు, గుండ్రటి హెడ్‌లైట్లు, ఎదురుగా బారెడు బానెట్ ఉన్న పాతకాలపు తీరు స్పోర్ట్స్ కారు మీద జనానికి మోజు ఎందుకు తీరట్లేదు? కొనుక్కున్నవాళ్లు దాన్ని ఎందుకు వదులుకోలేకపోతున్నారు?

"నోస్టాల్జియా" అని చాలామంది ఒక్క మాటలో తేల్చేస్తారు. నాకు ఆ జవాబు సరిపోదు. 1930ల నాటి రూపం ఉన్న కారుని 1990ల్లో పుట్టినవాళ్లు కొంటున్నారు. ఆ కాలం వాళ్లు చూడనేలేదు. చూడని కాలం మీద బెంగ ఎక్కడినుంచి వస్తుంది?

నా అభిప్రాయం వేరు. ఆ కారు తాను ఎలా పనిచేస్తుందో దాచుకోదు. చూస్తే సగం అర్థమవుతుంది, నడిపితే మిగతా సగం తెలుస్తుంది, విప్పితే మళ్లీ బిగించొచ్చు. దాని ఆకర్షణ తగ్గకపోవడానికి అసలు కారణం ఇదే.

ఉదాహరణకి ఇంగ్లండులోని మాల్వర్న్‌లో ఉన్న మోర్గాన్ కంపెనీని తీసుకుందాం. హెచ్.ఎఫ్.ఎస్. మోర్గాన్ 1909లో మూడు చక్రాల బండితో మొదలుపెట్టాడు. 1936లో నాలుగు చక్రాలు, నాలుగు సిలిండర్లతో '4/4' వచ్చింది. యుద్ధకాలంలో ఆగినా, ఆ పేరుతో కార్లు దాదాపు ఎనభై ఏళ్లపాటు తయారయ్యాయి. ఇప్పుడొస్తున్న 'ప్లస్ ఫోర్' పక్కన ఆ పాతకారు ఫోటో పెట్టి చూడండి, తాతామనవళ్లలా ఉంటాయి.

మోర్గాన్ అనగానే "చెక్క ఛాసిస్ కదా" అంటారు. అది పుకారు. పాతవాటి ఛాసిస్ స్టీలు. 2020లో వచ్చిన ప్లస్ ఫోర్‌ది అతికించిన అల్యూమినియం. చెక్క ఉండేది బాడీ రేకుల వెనక ఉండే అస్థిపంజరంలో. అది యాష్ కలప, క్రికెట్ స్టంపులు చేసే జాతి. బరువు తక్కువ, దెబ్బకి పగలకుండా కాస్త వంగుతుంది, స్క్రూ బిగిస్తే పట్టుకుంటుంది. మన మెటీరియల్స్ క్లాసులో 'టఫ్‌నెస్' అని చదువుకున్నది అక్కడ వడ్రంగి చేతిలో కనిపిస్తుంది.

ఇక ఆ రూపం. బానెట్ అంత పొడుగ్గా ఎందుకుంది? ఇంజిన్‌ని పొడవునా పెట్టి, వెనక చక్రాలకి పవర్ పంపే అమరిక కాబట్టి. దానిమీద గీతల్లా ఉన్న చీలికలు ఎందుకు? ఇంజిన్ వేడి బయటికి పోవడానికి. డ్రైవరు అంత వెనక్కి, దాదాపు వెనక చక్రాలను ఆనుకుని కూర్చుంటాడు కాబట్టి, అవి కాస్త జారినా ముందు అతని నడుముకే తెలుస్తుంది. తీగల చక్రాల్లో ప్రతి తీగా లాగి బిగించి ఉంటుంది, బరువు తగ్గించే పాతకాలపు ఉపాయం అది. ఇవన్నీ ముందు అవసరాలు, తర్వాతే అందాలయ్యాయి.

ఈ కంపెనీ గురించి ఒక కథ మేనేజ్‌మెంట్ ఎలక్టివ్ తీసుకున్నవాళ్లకి పనికొస్తుంది. 1990లో బీబీసీలో 'ట్రబుల్‌షూటర్' అనే కార్యక్రమం వచ్చింది. ఐసీఐ అనే పెద్ద రసాయనాల సంస్థకి ఛైర్మన్‌గా చేసిన సర్ జాన్ హార్వీ-జోన్స్ చిన్న కంపెనీలకి వెళ్లి సలహాలిచ్చేవాడు. మోర్గాన్‌లో అప్పట్లో వారానికి పదికి అటూ ఇటూగా కార్లు తయారయ్యేవి, కొనేవాళ్ల క్యూ ఏళ్ల తరబడి ఉండేది. పద్ధతులు మార్చండి, ఉత్పత్తి పెంచండి, లేకపోతే నిలబడలేరు అన్నది ఆయన సలహా. పీటర్ మోర్గాన్, ఆయన కొడుకు చార్లెస్ ఒప్పుకోలేదు. తమాషా ఏంటంటే, ఆ కార్యక్రమం చూసినవాళ్లలో చాలామంది కంపెనీవైపే మొగ్గారు, ఆర్డర్లు పెరిగాయి.

దీన్నిబట్టి సలహాలు వినకూడదని కాదు. తర్వాతి సంవత్సరాల్లో మోర్గాన్ కూడా తయారీ పద్ధతుల్ని మెల్లమెల్లగా మార్చుకుంది. కానీ ఏది మార్చాలో, ఏది ముట్టుకోకూడదో తేల్చుకున్నది తనే. కొనేవాళ్లు డబ్బిచ్చేది కారుకి మాత్రమే కాదు, దాన్ని ఎవరు, ఎలా చేశారో తమకి తెలిసి ఉండటానికి కూడా. ఇప్పటికీ అక్కడ ఫ్యాక్టరీని జనం టికెట్ కొనుక్కుని చూస్తారు.

"సరే, అది డబ్బున్నవాళ్ల ముచ్చట" అంటారా? నిజమే. ప్లస్ ఫోర్ ధర ఇంగ్లండులోనే అరవై వేల పౌండ్లు దాటింది. అందుకే ఇంకో ఉదాహరణ చూద్దాం. 1989లో జపాన్‌ కంపెనీ మాజ్దా 'ఎంఎక్స్-5' అనే చిన్న కారు తెచ్చింది. 1962 నాటి లోటస్ ఎలాన్ లాంటి బ్రిటిష్ రోడ్‌స్టర్లు దానికి స్ఫూర్తి. 1.6 లీటర్ల ఇంజిన్, టన్ను కంటే తక్కువ బరువు, వెనక చక్రాలకి పవర్. వంద అందుకోవడానికి ఎనిమిది తొమ్మిది సెకన్లు పట్టేది, అంటే ఇవాళ్టి లెక్కలో ఏమంత గొప్ప కాదు.

మాజ్దా ఇంజినీర్లు రూపాన్ని కాపీ కొట్టి ఊరుకోలేదు. గేర్‌బాక్స్‌నీ వెనక డిఫరెన్షియల్‌నీ ఒక అల్యూమినియం ఫ్రేముతో కలిపేశారు. యాక్సిలరేటర్ తొక్కితే మధ్యలో ఊగిసలాట లేకుండా కారు వెంటనే పలుకుతుంది. ఆయిల్ కారడం, వానొస్తే మొరాయించడం లాంటి పాత రోడ్‌స్టర్ల చెడ్డపేరుని మాత్రం దగ్గరికి రానివ్వలేదు. 2016కల్లా పది లక్షల కార్లు తయారయ్యాయి. రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో అత్యధికంగా అమ్ముడైనదిగా గిన్నిస్ రికార్డు దానిదే.

దీనికి పూర్తిగా ఉల్టా ఉదాహరణ కూడా ఉంది. 1997లో అమెరికాలో వచ్చిన ప్లిమత్ ప్రౌలర్. పైకి పాత హాట్ రాడ్ వేషం, చూస్తే కళ్లు తిప్పుకోలేం. లోపల మాత్రం వి6 ఇంజిన్, నాలుగు గేర్ల ఆటోమేటిక్. హాట్ రాడ్ అంటే వి8 గర్జన, చేత్తో వేసే గేరు అనుకునేవాళ్లు పెదవి విరిచారు. 2002తో కథ ముగిసింది. వేషం ఒకటి, స్వభావం ఇంకొకటి అయితే మోజు ఎంతోకాలం ఉండదని నాకు దీంట్లో కనిపిస్తుంది.

ఈ తేడా మనకి తెలియనిదేం కాదు. ఇంగ్లండులో పుట్టిన బుల్లెట్ బైకు 1955 నుంచి చెన్నైలో తయారవుతోంది. పుట్టింట్లో కంపెనీ మూతపడినా ఇక్కడ బతికింది. గేరు కుడికాలి నుంచి ఎడమకాలికి మారింది, సెల్ఫ్ స్టార్ట్ వచ్చింది, ఇంజిన్ మొత్తం కొత్తదైంది. అయినా ఒంటి సిలిండర్ కొట్టుకునే చప్పుడు మాత్రం దూరం నుంచే గుర్తుపడతాం. తండ్రి బుల్లెట్‌ని కొడుకు రిపేరు చేయించుకుని నడుపుతుంటే ఎవరూ "పాత మోడల్" అని వెక్కిరించరు.

అభ్యంతరాలు లేవా అంటే, ఉన్నాయి. పాత కార్లు యాక్సిడెంట్ అయితే కాపాడేది తక్కువ, పొగ ఎక్కువ. కొత్తగా తయారైనవి కూడా రెండు సీట్లతో ఒక ఇంటికి చాలవు. రోజూ ఆఫీసుకి వెళ్లడానికైతే మెట్రో నయం. ప్రతి ఒక్కరూ ఇలాంటి కారు కొనాలని నేను అనట్లేదు. కానీ 'ఉపయోగం', 'వేగం' రెండే లెక్కలు అనుకుంటే ఒక ముఖ్యమైన విషయం జారిపోతుంది. వేగం రికార్డు ఎప్పుడూ అద్దెకొచ్చిందే, వచ్చే ఏడాది ఇంకొకరు పట్టుకుపోతారు. మనకి అర్థమై, మన చేతికి లొంగే వస్తువుతో ఏర్పడే చనువుని మాత్రం కొత్త మోడల్ వచ్చి లాక్కోలేదు.

'సొంతం' అన్న మాటకి అర్థం కూడా ఇక్కడే ఉంది. 2022లో బీఎండబ్ల్యూ కొన్ని దేశాల్లో కారు సీటు వెచ్చబడటానికి నెలవారీ చందా పెట్టింది. హీటరు సీటులోనే ఉంటుంది, కారుకి డబ్బు కట్టేశాం, అయినా ఆన్ కావాలంటే మళ్లీ కట్టాలి. విమర్శలు గట్టిగా రావడంతో 2023లో ఆ పద్ధతి మానేసింది. మోర్గాన్ ప్లస్ ఫోర్‌లో ఉన్న టర్బో ఇంజిన్ కూడా బీఎండబ్ల్యూదే! అంటే తేడా పాత టెక్నాలజీకీ కొత్త టెక్నాలజీకీ మధ్య లేదు. కొన్నవాడిని యజమాని అనుకుంటున్నామా, చందాదారు అనుకుంటున్నామా అన్నదాంట్లో ఉంది.

ఇది మనకెందుకంటే, రేపు ఆ నిర్ణయాలు తీసుకునే బల్లల దగ్గర కూర్చోబోయేది మనమే. బాహా, ఫార్ములా స్టూడెంట్ పోటీలకి బండి కట్టిన ఫ్రెండ్స్‌ని అడగండి. పైపులు వెల్డ్ చేసిన ఆ ఫ్రేములో ఏసీ లేదు, డోర్లు లేవు, సీటు రాయిలా ఉంటుంది. అయినా దాని గురించి మాట్లాడేటప్పుడు వాళ్ల మొహం చూడండి. ప్రతి బోల్టు ఎందుకుందో వాళ్లకి తెలుసు. మాల్వర్న్ కారు యజమాని పొందేది కూడా అలాంటి సంతోషమే అని నా నమ్మకం.

మనలో చాలామంది కార్లు చేయకపోవచ్చు. యాప్ చేస్తాం, మోటార్ కంట్రోలర్ చేస్తాం, పంపుసెట్ చేస్తాం. ఏది చేసినా, ఇరవై ఏళ్ల తర్వాత దాన్ని విప్పి చూసిన మెకానిక్‌కి "ఓహో, ఇందుకా ఇలా పెట్టారు" అని అర్థం కావాలి. అలాంటి వస్తువుని జనం అంత తొందరగా తుక్కుకి వేయరు.