ముందు శుశ్రూష, పిమ్మట బోధన

నర్సింగు పట్టము పొందిన యువతులు వైద్యశాలలో పనిచేయకయే నర్సింగు కళాశాలలలో బోధకులుగా చేరుట యుక్తమా యను ప్రశ్న అద్దంకివంటి పట్టణములందును వినవచ్చుచున్నది. యుక్తము కాదని మా నిశ్చితాభిప్రాయము.

అట్లు చేరువారిని మేము నిందింపము. మిరప ధర పడిపోయిన యేట అప్పుచేసి బిడ్డను చదివించిన రైతునకు, ఆమెకు పగటివేళ ఉద్యోగము దొరకుట, రాత్రిపని లేకుండుట గొప్ప ఊరట. ప్రైవేటు వైద్యశాలలు క్రొత్తవారికిచ్చు జీతమును తరచు స్వల్పమే. ఐనను రోగి పక్షమున నొకమాట చెప్పక తప్పదు.

మనది ప్రత్తి, మిరప పండు నేల. పాముకాటు, పురుగుమందు విషము మన పల్లెలకు క్రొత్తవి కావు. పాము కరచినవాని రక్తమును పొడియైన శుభ్రమైన గాజుగొట్టములో 20 నిమిషములు కదపక యుంచి, గడ్డకట్టినదా లేదా యని చూతురు. ఆ గొట్టము సబ్బునీట కడిగినదైనచో మంచి రక్తము సైతము గడ్డకట్టక మోసపుచ్చవచ్చును. పురుగుమందు త్రాగినవానికి అట్రోపిన్ ఎక్కించునపుడు కంటిపాప విప్పారుట యొక్కటియే గుఱుతు గాదు. ఊపిరితిత్తులలో గురగుర తగ్గినదా యని మాటిమాటికి వినవలెను. మోతాదు మించినచో జ్వరము, మతిభ్రమ కలుగును. ఇవన్నియు పుస్తకములలో గలవు. కాని ఆ చేతివాటము, ఆ చెవి వార్డులో అలవడునేగాని నల్లబల్ల చెంత అలవడవు. తాను చేసి యెఱుగని పనిని బోధకురాలు శిష్యురాలికి చేసి చూపజాలదు. ఆ లోపమునకు తుదకు వెల చెల్లించువాడు రోగి.

న్యాయస్థానపు గడప త్రొక్కనివాడు క్రాసుపరీక్ష నేర్పబూనినచో మనము నవ్వమా? ఫ్లారెన్స్ నైటింగేలు 1854 మొదలు 1856 వరకు క్రిమియా యుద్ధమున క్షతగాత్రులకు సేవచేసిన పిదపనే, 1860లో లండనులో ఆమె పేర నర్సుల పాఠశాల వెలసినది. 1947 నాటి చట్టముచే నేర్పడిన భారత నర్సింగు మండలియు, బి.ఎస్సీ. పట్టభద్రులు ట్యూటరు పదవికి ఒక యేడాది అనుభవము గలిగి యుండవలెనని నియమము చేసినది. ఆ యేడాది కాగితముపై గాక రోగుల చెంత గడపినదై యుండవలెను. మా యెఱుకలో రెండేండ్లైనను వలయును.

ఇందుకు ప్రభుత్వము నర్సుల ఖాళీలను కాలయాపన లేక భర్తీ చేయవలెను. వైద్యశాలలు రాత్రిపని చేయు ఆడపడుచులకు తగిన జీతము, క్షేమమైన వసతి కల్పింపవలెను. ఇదివరకే బోధించుచున్నవారిని కళాశాలలు వారమున కొన్నిదినములైనను వార్డులకు పంపవలెను.

బిడ్డలను చేర్పించు తలిదండ్రులు భవనముల యెత్తును, బస్సుల సంఖ్యను విచారించుటకు ముందు, బోధకులలో ఎందరు ఎన్నేండ్లు వార్డులో పనిచేసిరని అడుగుదురు గాక. పదిమంది యడిగిన నాడు యాజమాన్యములు సమాధానము చెప్పక తప్పదు.