గుర్రపుశాలలో పని, గుర్రపుశాలలో శిక్ష

టెక్సస్ శాసనసభ్యులకు, సెనేటర్లకు, మన రాష్ట్రం తరఫున వాషింగ్టన్‌లో కూర్చున్నవారికి,



నేను అమరిల్లో చుట్టుపక్కల ఆవులకూ గుర్రాలకూ వైద్యం చేసే తెలుగువాణ్ణి. ఈ లేఖ ఇంగ్లీషు ప్రతి మీ కార్యాలయాలకు విడిగా పంపుతున్నాను. తెలుగులో ఈ పత్రికలో అచ్చువేయించింది మీకు ఓట్లేసేవాళ్ళ కోసం. ఫ్రిస్కోలో, అర్వింగ్‌లో, కేటీలో ఎన్నో తెలుగిళ్ళున్నాయి. పదిహేనేళ్ళ కొడుకు బడి మానేసి, గదికి గడియ పెట్టుకుని, అడిగితే చేతికందింది విసిరేస్తుంటే ఆ తల్లిదండ్రులు అర్ధరాత్రి ఇంటర్నెట్‌లో వెతుకుతారు. పిల్లలను తమ దగ్గర ఉంచుకుని పశువుల పనితో బాగుచేస్తామనే రాంచ్‌ల ప్రకటనల్లో పచ్చిక బయలు, గుర్రం పక్కన నవ్వుతున్న కుర్రవాడు, కింద ఒక ఫోన్ నంబరు కనిపిస్తాయి. ‘తాతగారి ఊరికి పంపేస్తాం’ అని బెదిరించే రోజులు పోయాయి. తాతగారే ఇప్పుడు ఆరు నెలలు ఇక్కడుంటున్నారు.

ఈ రాంచ్‌లను మూసేయమని అడగడానికి రాయడం లేదు. దారి తప్పిన మగపిల్లలకు పశువుల మధ్య పని మేలు చేస్తుందని నమ్మేవాళ్ళలో నేనొకణ్ణి. అందుకే ఆ పనిని పాడుచేసే పద్ధతుల మీద నాకు కోపం.

అమరిల్లో చుట్టూ ఉన్న మా పాన్‌హ్యాండిల్ ప్రాంతంలో జనవరి తెల్లవారుజామున నీళ్ళ తొట్టి మీద మంచు గట్టిగా పేరుకుంటుంది. గుర్రానికి రోజుకు ఇరవై నుంచి నలభై లీటర్ల నీళ్ళు కావాలి. ఎండుగడ్డి తిని నీళ్ళు చాలినన్ని తాగకపోతే లోపల లద్ది గట్టిపడి కడుపునొప్పి వస్తుంది. గుర్రానికి వాంతి చేసుకునే వీలు కూడా లేదు. రాంచ్‌లో మంచు పగలగొట్టడం మరిచిపోయిన కుర్రవాడికి ఆ సంగతి ఎవరూ ఉపన్యాసమిచ్చి చెప్పనక్కర్లేదు. సాయంత్రానికి ఆ గుర్రం డొక్కల వైపు తిరిగి తిరిగి చూసుకుంటుంది, ముందుకాలితో నేల గీరుతుంది, పడుకుని లేస్తుంది. నన్ను పిలుస్తారు. నేను ముక్కులోంచి గొట్టం వేస్తుంటే పగ్గం పట్టుకునేది చాలాసార్లు ఆ కుర్రవాడే. ఆ పూట వాడిలో కనిపించే బెంగ నటన కాదు. వాడు చేసినదానికి ఫలితం వాడి కళ్ళముందే ఉంది. పైగా దాన్ని సరిచేయడంలో వాడికీ ఒక చేయి ఉంది. బడిలో సస్పెన్షన్ ఇచ్చే కాగితానికి ఈ గుణం లేదు.

గుర్రం వేటాడే మృగాలకు భయపడి బతికిన జంతువు. కుర్రవాడు పళ్ళు బిగించి, పిడికిళ్ళు మూసుకుని దగ్గరికి వస్తే చెవులు వెనక్కి వాల్చి పిరుదు తిప్పుతుంది. భుజాలు వదులుచేసి, పక్కనుంచి, నెమ్మదిగా వస్తే నిలబడుతుంది. వాడి పోలీసు ఫైలు దానికి తెలియదు, వాడి మార్కులు దానికక్కర్లేదు. గిట్ట ఎత్తించి మట్టి తీయాలంటే వాడు ముందు తన ఊపిరి సర్దుకోవాలి. అరగంట అలా గడిపిన పిల్లవాడికి రాత్రి నిద్ర పడుతుంది, ఆకలేస్తుంది. ఇంతకు మించి మహిమలు అంటగట్టను. గుర్రాలతో చికిత్స మీద జరిగిన అధ్యయనాలు చాలావరకు చిన్నవి. ప్రకటనల్లో కనిపించే ధీమాకు అవి చాలవు. పశువు పక్కన చదువుకున్న మనోవైద్య నిపుణుడు కూడా ఉండాలి. గుర్రం మందులు రాయదు.

ఈ ఆలోచన మన రాష్ట్రానికి పాతదే. 1939లో కాల్ ఫార్లీ అనే మల్లయోధుడు, అమరిల్లోలో టైర్ల కొట్టు నడిపినాయన, పాత టస్కోసా ఊరి దగ్గర కొద్దిమంది పిల్లలతో బాయ్స్ రాంచ్ మొదలుపెట్టాడు. అక్కడి పిల్లల రోడియోకు దశాబ్దాలుగా జనం తరలివెళ్తున్నారు. అదే చోట తాము తిన్న దెబ్బల గురించి, పడ్డ అవమానాల గురించి ఒకప్పటి పిల్లలు, ఇప్పుడు ముసలివాళ్ళు, 2017లో పత్రికలకు చెప్పారు. అవే శాలలు, అవే పశువులు. కొందరు అక్కడే బాగుపడ్డారు, కొందరు అక్కడే విరిగిపోయారు. తేడా గుర్రంలో లేదు.

ఇలాంటి పిల్లల గృహాలకు మన రాష్ట్రం పెట్టిన లైసెన్సు నియమాల్లో ఒక మంచి మాటుంది. పిల్లల్ని అవమానించడానికి తప్ప ఎందుకూ పనికిరాని పని చేయించకూడదని, రాళ్ళు ఒక కుప్పలోంచి మరో కుప్పలోకి మోయించడం, గొయ్యి తవ్వించి మళ్ళీ పూడ్పించడం కూడదని అందులో రాశారు. ఎవరో అది కళ్ళారా చూసి రాసి ఉంటారు. అయితే ఆ నియమాల్లోనే ఇంకోచోట, పిల్లవాడి చేత సంస్థ చేయించుకునే పనికి ప్రతిఫలం ఇవ్వాలంటూనే మినహాయింపులు పెట్టారు. సొంత గది ఊడ్చుకోవడం వంటి రోజువారీ పనులు ఒకటి. సరే. క్రమశిక్షణ కింద అప్పగించిన పని రెండోది. ఇక్కడే నా అభ్యంతరం. రాళ్ళు మోయించడం తప్పైతే, యజమాని అమ్ముకునే గడ్డి మోపులు మోయించడం సంగతేమిటి? అది ‘ఉపయోగపడే’ పనే కదా. శిక్ష అని పేరుపెడితే ఉచితం కూడా. పొద్దున చికిత్స అని చెప్పి శుభ్రం చేయించిన శాలనే సాయంత్రం ఎదురు మాట్లాడినందుకు మళ్ళీ చేయించారనుకోండి. పిల్లవాడికి ఆ శాల మీద, ఆ గుర్రం మీద ఏం మిగులుతుంది? కొరడా చూపి కళ్ళెం వేసినవాడికి గుర్రం మర్నాడు తల ఎత్తేస్తుంది. నా వృత్తిలో ఇది మొదటి పాఠం.

పదహారేళ్ళలోపు పిల్లవాణ్ణి జీతానికి పెట్టుకున్న రైతు వాణ్ణి విత్తనపు గుర్రం ఉన్న దొడ్లోకి పంపకూడదని, ఇరవై హార్స్‌పవర్ దాటిన ట్రాక్టరు ఎక్కించకూడదని ఫెడరల్ నియమాలున్నాయి. చికిత్స పేరిట వచ్చిన పిల్లవాడికి కూలికొచ్చినవాడికున్న ఆ పాటి కాపుదలైనా ఉందని చట్టంలో తేటగా రాయండి.

పనికంటే ముందు తలుపు గురించి ఆలోచించండి. బయటివాళ్ళు రాలేని చోట ఏ చికిత్సా చికిత్సగా మిగలదు. మిస్సోరి 1982 నుంచి మతసంస్థల పిల్లల గృహాలను లైసెన్సు నుంచి మినహాయించింది. వేరే రాష్ట్రాల్లో అధికారులతో చిక్కులొచ్చిన నిర్వాహకులు అక్కడికి చేరారు. 2021లో గానీ ఆ రాష్ట్రం చట్టం మార్చుకోలేదు. మనమూ తక్కువ తినలేదు. 1997లో మతసంస్థల గృహాలకు ప్రభుత్వ లైసెన్సు బదులు వాళ్ళ సంఘమే ఇచ్చే గుర్తింపు చాలన్నాం, 2001లో ఆ ఏర్పాటును పొడిగించకుండా వదిలేశాం. ఇలాంటి సంస్థలు ఎన్నో ఉన్న యూటా అదే 2021లో ఏడాదికి నాలుగు తనిఖీలు, వారానికోసారి ఇంటివాళ్ళతో ఎవరూ వినని మాటలు తప్పనిసరి చేసింది. రిపబ్లికన్ల రాష్ట్రమే అది. కాబట్టి ఇది పార్టీల గొడవని నాకు చెప్పకండి.

వాషింగ్టన్‌లోని వారితో ఒక్క మాట. 2007లో కాంగ్రెస్‌కు లెక్కలు చూసే మీ ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయమే లెక్క తీసింది. 2005 ఒక్క ఏడాదిలో ఇలాంటి గృహాల్లో పిల్లలను హింసించిన ఘటనల్లో 1,619 మంది సిబ్బంది ఉన్నారని 33 రాష్ట్రాలు తెలిపాయి. ఆ తర్వాత దిగువ సభలో గట్టెక్కిన బిల్లులు సెనేట్‌లో ఆగిపోయాయి. 2024 డిసెంబరులో ఎట్టకేలకు ఒక చట్టం వచ్చింది. అది అధ్యయనం చేయమంటుంది, తనిఖీకి మనిషిని పంపదు. అధ్యయనం జరిగే ఏళ్ళలో ఇప్పటి పదిహేనేళ్ళవాడు పాతికకు వస్తాడు.

ఆస్టిన్‌లోని వారు చేయగలిగింది దగ్గర్లోనే ఉంది. క్రమశిక్షణ పనికి ప్రతిఫలం అక్కర్లేదన్న మినహాయింపు కొట్టేయండి. పశువుల పనిని, గుర్రపు స్వారీని శిక్షగా వేయడంగానీ, శిక్షగా ఆపడంగానీ నిషేధించండి. రెండోది మరవకండి, పిల్లవాడు ప్రేమించిన గుర్రాన్ని వాడికి దూరం చేయడం కూడా కొట్టడమే. పిల్లలు కోసిన గడ్డి, పెంచిన దూడలు అమ్మితే వచ్చిన డబ్బు ఎటు పోయిందో ఏటా లెక్క చూపించమనండి. కాపలా లేని ఫోన్ వారానికోసారైనా పిల్లవాడి చేతికి ఇప్పించండి. ముందు చెప్పకుండా వచ్చే తనిఖీదారుతో పాటు నాబోటి పశువైద్యుణ్ణీ పంపండి. పశువుల ఒంటి మీద కనిపించేది చూసి ఆ ఇంటి సంగతి కొంత చెప్పగలం. దానికి నేను ఫీజు అడగను.

వచ్చే సమావేశాలు బేసి సంవత్సరం జనవరిలో మొదలై 140 రోజుల్లో ముగుస్తాయి. బిల్లులు ముందుగా దాఖలు చేసే వీలు నవంబరు ఎన్నికలైన వెంటనే వస్తుంది. మీలో ఎవరు దాఖలు చేస్తారో రాసి పంపితే, ఆ పేరు ఇదే పత్రికలో అచ్చువేయిస్తాను. ఎవరూ రాయకపోతే ఆ సంగతీ అచ్చువేయిస్తాను.

ఇట్లు,
పాన్‌హ్యాండిల్‌లో పనిచేసే ఒక పశువైద్యుడు