కామర్స్ చదివినవారు పళ్ళ డాక్టరు కావచ్చా?



ఈ మధ్య ఓ.పి. వరండాలోనూ, ఆదివారం ఆరాధన అయిన తరువాత చర్చి ఆవరణలోనూ కొందరు తల్లిదండ్రులు నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "సిస్టర్ గారూ, మా అమ్మాయి ఇంటర్‌లో సి.ఇ.సి. తీసుకుంది, బి.కాం. పాసయింది. పళ్ళ క్లినిక్‌లో లెక్కలు రాసే పని చేస్తోంది. ఇప్పుడు తనే పళ్ళ డాక్టరు అవుతానంటోంది. ఇది జరిగే పనేనా?"

జరిగే పనే. అయితే దానికి దగ్గరి దారి లేదు. దగ్గరి దారి ఉందని చెప్పేవారిని నమ్మవద్దు. పిల్లలకు ఈ రెండు మాటలూ కలిపి చెప్పాలని నా అభిప్రాయం. మొదటిది మాత్రమే చెబితే వాళ్ళు మోసపోతారు. రెండవది మాత్రమే చెబితే మనసు విరిగిపోతారు.

ముందుగా నిబంధన ఏమిటో చూద్దాం. మన దేశంలో బి.డి.ఎస్. చదవాలంటే ఇంటర్మీడియట్ స్థాయిలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీషు పాసై ఉండాలి. సైన్సు సబ్జెక్టులు మూడింటిలో కలిపి జనరల్ వర్గం వారికి 50 శాతం, రిజర్వేషన్ వర్గాల వారికి 40 శాతం మార్కులు కావాలి. ఆపైన నీట్ పరీక్షలో అర్హత రావాలి. బి.కాం.లో ఎంత మంచి మార్కులు వచ్చినా ఇక్కడ లెక్కలోకి రావు. ప్రభుత్వ కాలేజీ సీటుకైనా, ప్రైవేటు కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటుకైనా, ఎన్.ఆర్.ఐ. సీటుకైనా నీట్ తప్పదు. "డొనేషన్ కడితే నీట్ అక్కరలేదు" అని ఎవరైనా ఏజెంటు చెబితే, ఆ మాట దగ్గరే లేచి వచ్చేయండి.

మరి సి.ఇ.సి., హెచ్.ఇ.సి. చదివినవారికి దారి ఏది? ఓపెన్ స్కూలు ద్వారా ఆ సబ్జెక్టులు ప్రాక్టికల్స్‌తో సహా చదివి పాసవడమే. జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థలో ఇలా చదివే వీలుంది. ఇంటర్‌లో ఎం.పి.సి. చదివినవారికి బయాలజీ ఒక్కటే కొరత. ఇంటర్ పాసైన తరువాత బయాలజీని అదనపు సబ్జెక్టుగా పూర్తి చేసినవారినీ అనుమతిస్తూ 2023 నవంబరులో జాతీయ వైద్య కమిషన్ ప్రకటన ఇచ్చింది. నీట్‌కు ఉన్న గరిష్ఠ వయోపరిమితిని కూడా 2022లో తీసివేశారు. కనుక ముప్పై ఏళ్ళు వచ్చాయన్న కారణంతో తలుపు మూసుకుపోదు.

అయితే తలుపు తీసి ఉండడం వేరు, లోపలికి వెళ్ళగలగడం వేరు. 2025 నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. అందులో సగం బయాలజీవే. తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది. తెలుగులోనూ రాయవచ్చు. కానీ పోటీ పడేది రెండేళ్ళుగా పొద్దుటి నుండి రాత్రి వరకూ అదే చదువుతున్న బై.పి.సి. పిల్లలతో. ఉద్యోగం చేస్తూ మిగిలిన గంటలో చదివి గెలవడం చాలా కష్టం.

కొందరు అమెరికాలోని బంధువుల మాట చెబుతారు. అక్కడ సాహిత్యం చదివినవారు కూడా డెంటిస్టులు అవుతున్నారట కదా అంటారు. నిజమే. అక్కడ ముందు ఏదో ఒక డిగ్రీ చేసి, తరువాత నాలుగేళ్ళ దంతవైద్యం చదువుతారు. కానీ వాళ్ళు కూడా బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ కోర్సులు విడిగా పూర్తి చేసి, ప్రవేశ పరీక్ష రాసి వెళతారు. సైన్సు నేర్చుకోకుండా ఎక్కడా ఎవరూ పళ్ళ డాక్టరు కాలేదు.

"పన్ను తీయడానికి ఇంత చదువు ఎందుకండీ?" అని అడిగేవారికి ఆసుపత్రిలో చూసే సంగతులే చెబుతాను. పన్ను తీసే ముందు ఇచ్చే మత్తు ఇంజెక్షన్‌లో చాలాసార్లు అడ్రినలిన్ కలిసి ఉంటుంది. గుండె జబ్బు, బి.పి. ఉన్నవారికి మోతాదు చూసి ఇవ్వాలి. రక్తం పలుచబడే మాత్రలు వాడేవారికి పన్ను తీస్తే రక్తం ఆగడం ఆలస్యమవుతుంది. షుగరు అదుపులో లేనివారికి పుండు మానదు, చీము పడుతుంది. కింది దవడ పన్నులోని చీము గడ్డం కిందికి, గొంతులోకి దిగితే నోరు తెరుచుకోదు, మింగుడు పడదు, చివరికి ఊపిరి కూడా ఆడదు. చదువు లేనివారి చేత పన్ను పీకించుకుని ఇలా గొంతు వాచిన స్థితిలో అర్ధరాత్రి వచ్చిన రోగులను నా సర్వీసులో చూశాను. పన్ను చిన్నదే, కానీ అది ఉన్నది మనిషి శరీరంలో.

అందుకే ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. క్లినిక్‌లో పదేళ్ళు డాక్టరుకు సాయం చేసినవారు కూడా సొంతంగా బోర్డు పెట్టుకుని వైద్యం చేయకూడదు. చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా దంతవైద్యం చేయడం నేరం. అనుభవం గొప్పదే, కాని అది డిగ్రీకి బదులు కాదు.

ఇక ఇంట్లో కూర్చుని లెక్క వేయవలసిన సంగతి కాలం. ఇరవై ఆరేళ్ళ అమ్మాయి ఈ రోజు మొదలుపెడితే సైన్సు సబ్జెక్టులకూ నీట్‌కూ కనీసం రెండేళ్ళు పడుతుంది. సీటు వస్తే బి.డి.ఎస్. నాలుగేళ్ళు, ఇంటర్న్‌షిప్ ఒక ఏడాది. చేతికి డిగ్రీ వచ్చేసరికి ముప్పై మూడు. ఎం.డి.ఎస్. చేయాలంటే మరో మూడేళ్ళు. ఆ ఏడేళ్ళూ జీతం రాదు, పైగా ఫీజు కట్టాలి. తరువాత సొంత క్లినిక్ పెట్టాలంటే కుర్చీ, కంప్రెసర్, ఎక్స్‌రే, ఆటోక్లేవ్ అన్నీ కొనాలి. ఈ లెక్క కాగితం మీద రాసి, ఇంటిల్లిపాదీ చూసిన తరువాతే నిర్ణయించుకోవాలి. ఇల్లు తాకట్టు పెట్టి మొదటి ఏడాది ఫీజు కట్టి, రెండవ ఏడాదికి చేతులెత్తేయడం కంటే ముందే ఆగడం మేలు.

లెక్క కుదిరితే మాత్రం అడ్డు చెప్పకండి. "ఈ వయసులో చదువేమిటి, పెళ్ళి ఎప్పుడు?" అనే మాట అమ్మాయిలకే ఎక్కువ వినిపిస్తుంది. ముప్పై మూడేళ్ళు ఎలాగూ వస్తాయి. డాక్టరుగా వస్తాయా, మనసులో కొరతతో వస్తాయా అన్నదే తేడా. పైగా లోకం చూసి వచ్చినవారికి రోగితో మాట్లాడే ఓపిక ఉంటుంది, డబ్బు విలువ తెలిసి ఉంటుంది. కుట్టుపని, బంగారు పని వంటి చేతిపని వచ్చినవారికి మరో మేలు కూడా ఉంది. మొదటి ఏడాదిలోనే మైనంతో పన్ను ఆకారం చెక్కమంటారు. తరువాత అద్దంలో చూస్తూ వెనక పళ్ళకు పని చేయడం నేర్చుకోవాలి.

సైన్సు రాదన్న భయం గురించి నాకు కొంత తెలుసు. నేను ఇంటర్‌లో హెచ్.ఇ.సి. చదివి, జి.ఎన్.ఎం. ట్రైనింగ్‌కు వచ్చినదాన్ని. అనాటమీ పుస్తకం తెరిస్తే మొదట్లో ఒక్క పేజీ ముందుకు సాగేది కాదు. రోజుకు పది పదాలు చొప్పున గోడ మీద రాసుకుని, డ్యూటీలో రోగి దగ్గర వాటినే గుర్తు చేసుకుంటూ నేర్చుకున్నాను. అయితే అక్కడ నన్ను అన్ని గ్రూపుల వారితో కలిపి చేర్చుకున్నారు. ఇప్పటికీ జి.ఎన్.ఎం.కు ఆర్ట్స్, కామర్స్ చదివినవారు అర్హులే. చేరడానికి వయోపరిమితి మాత్రం 35 ఏళ్ళు. ఏడేళ్ళు ఆగలేని కుటుంబాలు ఈ దారి కూడా ఆలోచించవచ్చు. దీన్ని తక్కువగా చూడనక్కరలేదు. డాక్టరు రౌండ్స్ ముగించి వెళ్ళిన తరువాత రాత్రంతా రోగి పక్కన ఉండేది నర్సే.

కనుక తల్లిదండ్రులకు నా సలహా ఇది. వెంటనే ఉద్యోగం మానిపించకండి. ముందుగా ఆరు నెలలు ఇంటర్ మొదటి సంవత్సరం బయాలజీ, కెమిస్ట్రీ పుస్తకాలు ఇంట్లో చదవనివ్వండి. ఆరు నెలల తరువాత కూడా పుస్తకం మీద ఇష్టం తగ్గకపోతే ఓపెన్ స్కూలులో చేర్పించండి. నీట్ అర్హతలను ఆ ఏడాది విడుదలైన అధికారిక సమాచార పుస్తకంలో చూడండి. సీట్ల సంగతి విజయవాడలోని డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయం, వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం ఇచ్చే ప్రకటనల్లో చూడండి. ఏజెంటు చేతిలో ఒక్క రూపాయి కూడా పెట్టకండి.

- నర్సింగ్ సూపరింటెండెంట్